కిలో బియ్యంలో గింజలెన్ని?

లక్ష అనే మాట మన నోట ఎంత తేలిగ్గా పలుకుతుందో ఎప్పుడైనా గమనించారా? "లక్షసార్లు చెప్పాను నీకు" అని పిల్లల్ని కసురుకుంటాం. పెళ్లికి ఇన్ని లక్షలు, ఫ్లాటుకి అన్ని లక్షలు అని లెక్కలు చెప్పుకుంటాం. ఇక వార్తల్లో అయితే వేల కోట్లకు తక్కువ మాటే వినిపించదు. అయితే లక్ష వస్తువుల్ని ఒక్కచోట పోస్తే ఎంత కుప్ప అవుతుంది? చెంబెడా, బుట్టెడా, గదినిండానా? కళ్లు మూసుకుని ఊహించి చూడండి. చాలామందికి ఒకటి పక్కన అయిదు సున్నాలు తప్ప ఇంకేమీ కనిపించదు.

లక్షవత్తుల నోము నోచినవాళ్లకు మాత్రం కనిపిస్తుంది. రోజుకు అయిదు వందల వత్తులు చేసుకుంటూ పోతే రెండు వందల రోజులు. ఆరున్నర నెలల పైమాటే! లక్ష అంటే ఏమిటో వాళ్ల వేళ్లకు తెలుసు. నేను బడిలో పిల్లలకు నేర్పించాలనుకున్నది సరిగ్గా ఇదే. సున్నాలు కాదు, వేళ్లకు తెలియడం.

మాది కృష్ణా జిల్లా. పెళ్లయి వరంగల్ వైపు వచ్చాను. ఇక్కడే ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. ఆరో తరగతి పుస్తకంలో పెద్ద సంఖ్యల పాఠం ఉంటుంది. పిల్లలు కామాలు సరిగ్గానే పెడతారు, కోట్లు కూడా గడగడా చదివేస్తారు. "మన ఊళ్లో జనం ఎంతమంది ఉంటారు?" అంటే మాత్రం ఒకడు రెండు వందలంటాడు, ఇంకొకడు పది లక్షలంటాడు. రెండూ వాళ్లకు ఒకేలా వినిపిస్తాయి మరి!

సీసా ముందు ముప్ఫై ఒక్క చీటీలు

ఆ పాఠం వచ్చిన రోజు కిలో సన్నబియ్యం ఒక గాజుసీసాలో పోసి బల్లమీద పెడతాను. "ఇందులో ఎన్ని గింజలున్నాయి?" అని అడిగి తలా ఒక చీటీ ఇస్తాను. సీసాని పట్టుకోవచ్చు, ఊపి చూడొచ్చు, దగ్గరగా కళ్లు పెట్టి చూడొచ్చు. చీటీమీద అంకె తప్ప పేరు రాయకూడదు.

పేరెందుకు వద్దంటానో చెప్పాలి. లెక్కల క్లాసులో తప్పు చెబితే నవ్వుతారన్న భయం ఆడపిల్లల్లో ఎక్కువ. తెలిసిన జవాబు కూడా పక్కపిల్ల నోటుబుక్కులోకి ఓ చూపు చూసిగాని రాయరు. ఇక్కడ చూసి రాయడానికేమీ లేదు. "మీకు తెలుసా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "నాకూ తెలియదు, లెక్కపెట్టి చూద్దాం" అంటాను. ఆ మాటతో క్లాసులో గాలి మారిపోతుంది. టీచరుకే తెలియని లెక్క! ఇక భయమెందుకు?

ఒకసారి వచ్చిన చీటీల సంగతి చెబుతాను. ముప్ఫై ఒక్కమంది పిల్లలు. అన్నిటికన్నా చిన్న అంకె ఏడు వందలు, పెద్దది కోటి. చీటీలన్నీ చిన్న నుంచి పెద్దకు వరసగా గోడకు అంటించాం. సరిగ్గా నడిమధ్యన ఉన్న పదహారో చీటీ చూస్తే అయిదు వేలు. దాన్ని నల్లబల్లమీద ఓ మూల రాసిపెట్టాను.

"ఒక్కటొక్కటి లెక్కపెడదాం టీచర్" అన్నాడొక పిల్లాడు. సరే కానిమ్మన్నాను. ఇద్దరు కూర్చుని గడియారం చూస్తూ లెక్కపెట్టారు. నిమిషానికి ఒక్కొక్కరికి దాదాపు వంద గింజలయ్యాయి. మెడలు పట్టేశాయని అయిదు నిమిషాలకే లేచారు. మరి సీసా మొత్తం కావాలంటే? అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "మా ఇంట్ల గ్లాసుతోని కొలుస్తం గద టీచర్. ఒక్క గ్లాసుల ఎన్నున్నయో చూస్తే అయిపాయె!" అంది. ఇంట్లో పొయ్యిమీద ఎసరు పెట్టే పిల్ల. ఇన్నేళ్లలో ఈ ఉపాయం తట్టినవాళ్లు ఎక్కువగా వంటింట్లో పని చేసే పిల్లలే.

గ్లాసులో గింజలు కూడా లెక్కకు ఎక్కువే కాబట్టి ఇంకో మెట్టు దిగాం. చెంచా నుంచి టీ గ్లాసు, గ్లాసు నుంచి సీసా. మూడు జట్లు మూడు చెంచాల బియ్యం తీసుకున్నాయి. నేలమీద సుద్దముక్కతో చిన్న చిన్న గుండ్రాలు గీసుకుని గుండ్రానికి పది గింజల చొప్పున సర్దారు. ఒక జట్టుకు 388, ఒక జట్టుకు 412, ఇంకో జట్టుకు 403 వచ్చాయి. సగటు 401. టీ గ్లాసుకు 20 చెంచాలు పట్టాయి. సీసాలోంచి 12 గ్లాసులు వచ్చాయి. గుణించండి... 96,240!

"గంతనా!" అని క్లాసంతా ఒక్కసారి అరిచారు. గోడమీద చీటీలవైపు చూసుకున్నారు. నడిమధ్య అయిదు వేలెక్కడ, ఇదెక్కడ!

అయితే 96,240 అని రాసుకోనివ్వను. మన చెంచాలే 388కీ 412కీ మధ్య ఊగుతుంటే, చివర ఆ నలభై మనకెలా తెలుసు? "సుమారు 96 వేలు" అనడమే నిజాయితీ. ఎక్కువ అంకెలు చెప్పేవాళ్లకే ఎక్కువ తెలుసనుకుంటాం కానీ, ఇలాంటి చోట చివరి అంకెదాకా చెప్పేవాళ్ల మాటే అనుమానించాలి.

చెంచా గోపురంలా నింపితే

ఒక జట్టు మొదట చెంచాని గోపురంలా నింపేసింది. లెక్కపెడితే 520 వచ్చాయి. "నూట ఇరవై తేడాకి ఏమవుతుంది టీచర్" అన్నారు. సీసాకి మొత్తం 240 చెంచాలు కదా! నూట ఇరవైని 240తో హెచ్చవేయమన్నాను. 28,800! చెంచాలో పిసరంత తేడా సీసా దగ్గరికొచ్చేసరికి పావు కిలో బియ్యాన్ని దాటిపోతుంది. ఈ ఆట మొత్తంలో పిల్లలు నేర్చుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. గుణకారం అందరికీ వస్తుంది. గుణించే ముందు చేతిలో ఉన్న చిన్న కొలత సరైనదో కాదో చూసుకోవడమే కష్టం.

మా అమ్మమ్మ బడికి వెళ్లలేదు, అయినా ఈ సంగతి ఆవిడకు తెలుసు. ధాన్యం కొలిచేటప్పుడు కుంచంపై భాగాన్ని అరచేత్తో చదును చేస్తేగాని ఒప్పుకునేది కాదు. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనకుండా 'లాభం' అని, ఆ తర్వాత 'రెండు' అంటూ లెక్కించేవారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని మా చిన్నప్పుడు పాటలా వల్లించేవాళ్లం. చూడండి, చెంచా, గ్లాసు, సీసా అని మేం ఎక్కిన మెట్లే ఇవి! రెండేసి చొప్పున ఎక్కడం వల్ల కాగితం లేకుండానే లెక్క సాగిపోయేది. అయితే ఊరికో కుంచం ఉండేదన్న సంగతి కూడా పిల్లలకు చెబుతాను. పాతదంతా బంగారమని చెప్పడం నాకిష్టం ఉండదు.

మా లెక్క నిజమో కాదో చూడటానికి ఇంకో దారి పట్టాం. వెయ్యి గింజలు లెక్కపెట్టి పొట్లం కట్టి, బజారులో బంగారం తూచే కాటా మీద పెట్టించాం. పదిన్నర గ్రాములు తూగింది. అంటే కిలోకు 95 వేల పైచిలుకు. రెండు దారుల్లో వెళ్తే దాదాపు ఒకే చోటికి చేరామన్నమాట! పిల్లల ముఖాలు చూడాలి అప్పుడు. వ్యవసాయ శాఖవాళ్లు ఏ వరి రకం గురించి చెప్పినా 'వెయ్యి గింజల బరువు' అని ఒక అంకె చెబుతారు. అదీ ఇలాంటిదే. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబమసూరికి, అదే మనం బీపీటీ అని పిలిచేదానికి, పొట్టుతో సహా అది 14, 15 గ్రాముల మధ్య ఉంటుంది. గింజ లావైతే అంకె పెరుగుతుంది, కిలోకు గింజలు తగ్గుతాయి. దొడ్డుబియ్యం కిలోలో ఎన్ని గింజలుంటాయో మీరే తూచి చూసుకోండి.

ఇక ఇప్పుడు లక్ష మన చేతిలోకి వచ్చేసింది. కిలో సన్నబియ్యం అంటే దాదాపు లక్ష గింజలు. ఇరవై అయిదు కిలోల బస్తా పాతిక లక్షలు. అలాంటి నాలుగు బస్తాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే కోటి! మా పిల్లలు ఇప్పుడు కోటి అనగానే సున్నాలు లెక్కపెట్టరు, మధ్యాహ్న భోజనం గదిలోని బస్తాల వంక చూస్తారు.

చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజల్ని రెట్టింపు చేసుకుంటూ పోయే కథ మీకు తెలిసే ఉంటుంది. కేరళలోని అంబలప్పుళ గుడిలో పాలపాయసం నైవేద్యానికి కూడా ఈ కథనే చెబుతారు. అరవై నాలుగు గళ్లూ నిండాలంటే మా సీసా లెక్కన 18 వేల కోట్ల టన్నులకు పైగా బియ్యం కావాలి. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించేది యాభై కోట్ల టన్నుల పైచిలుకు. మూడు వందల ఏళ్ల పంట పోసినా తీరని బాకీ అది.

సంతలో ఎద్దు, బడిలో శనగలు

గోడమీది చీటీల గురించి ఓ మాట. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో పశువుల ప్రదర్శన జరిగింది. కోసి శుభ్రం చేశాక ఒక ఎద్దు మాంసం ఎంత తూగుతుందో ఊహించి చెప్పమని అక్కడ పందెం పెట్టారు. గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 చీటీల్ని వరసగా పేర్చాడు. మధ్య చీటీ 1,207 పౌండ్లు. అసలు బరువు 1,198. జనం ఊహ ఇంత దగ్గరగా వచ్చిందని ఆయన 1907లో ప్రకటించాడు.

మరి మా పిల్లల మధ్య చీటీ అంత దూరం ఎందుకు పోయింది? ఆ సంతకు వచ్చినవాళ్లలో కసాయివాళ్లు, రైతులు ఉన్నారు. వాళ్లు పశువుల్ని రోజూ చూసేవాళ్లు. మా పిల్లలు బియ్యాన్ని రోజూ చూస్తారు కానీ గింజల్లా చూడరు. నెలన్నర తర్వాత అదే సీసాలో శనగలు పోసి మళ్లీ చీటీలు ఇచ్చాను. ఈసారి కొందరు సీసా అడుగున ఎన్ని కనిపిస్తున్నాయో, ఎత్తున ఎన్ని వరసలున్నాయో వేలితో లెక్కపెట్టుకుంటున్నారు. మధ్య చీటీకీ అసలు అంకెకూ తేడా బాగా తగ్గింది. కోటి అని మాత్రం ఒక్కరూ రాయలేదు.

మీ ఇంట్లో పిల్లలుంటే సెలవురోజు ఇది చేయించి చూడండి. మరీ చిన్నపిల్లలైతే బియ్యం వద్దు, చింతగింజలో శనగలో ఇవ్వండి. చెంచా ఒక్కసారి కాదు, మూడుసార్లయినా లెక్కపెట్టించాలి. ముందు ఊహ రాయించడం మరిచిపోకండి. ఊహ రాయకుండా లెక్కపెడితే అది కూలిపని, రాశాక లెక్కపెడితే ఆట. నేలమీద పోసిన గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి మళ్లీ డబ్బాలో పోయడం వాళ్ల చేతే చేయించండి. మా బడిలో అదే నియమం.

జాతరలో జనం, పొలంలో పంట

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వచ్చే ఏడు మా పిల్లలకు ఇంకో ప్రశ్న పుడుతుంది. "కోటి మంది వచ్చిన్రంటరు, ఎట్ల లెక్కపెట్టిన్రు టీచర్?" వెంటనే బడి ఆవరణలోకి తీసుకెళ్తాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి అందులో నిలబడమంటాను. నలుగురైతే బాగానే నిలబడతారు. ఆరుగురైతే కాళ్లు తొక్కుకుంటారు. గడికి నలుగురనుకుంటే కోటి మంది ఒకేసారి నిలబడటానికి పాతిక లక్షల చదరపు మీటర్లు, అంటే ఆరు వందల ఎకరాలకు పైగా నేల కావాలి. జాతర నాలుగు రోజులు కాబట్టి జనం వస్తూ పోతూ ఉంటారు, ఆ లెక్క వేరు. అయినా పేపర్లో పెద్ద అంకె కనిపిస్తే "ఎంత చోటు కావాలి, ఎన్ని బస్సులు కావాలి" అని అడిగే అలవాటు వచ్చిందంటే నాకు చాలు.

ఊళ్లో పంట దిగుబడి తేల్చేదీ చెంచా పద్ధతిలోనే. వరి అయితే అయిదు మీటర్లకు అయిదు మీటర్ల మడి ఒకటి ఎంచుకుని కోసి, నూర్చి, తూచి దానిమీద మొత్తం అంచనా వేస్తారు. ఆ మడిని చీటీ వేసినట్టు ఎంచుకోవాలి. పంట బాగున్న మూల ఏరుకుంటే అది గోపురం చెంచా అయిపోతుంది. మన దేశంలో ఇలాంటి నమూనా లెక్కలకు గట్టి పునాది వేసినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించారాయన. ఆయన పుట్టిన జూన్ 29ని 2007 నుంచి గణాంక దినంగా జరుపుతున్నారు. పంటల బీమా సొమ్ము ఎంత రావాలో తేల్చడంలో ఆ చిన్న మడి లెక్క ఉంటుందని చెబితే, రైతుల పిల్లలు నిటారుగా కూర్చుని విన్నారు.

పత్తికాయల లెక్క

గింజ లెక్కలు అన్నిటికన్నా లోతుగా దిగింది ఒక పత్తి చేలో. ఆ సంగతి చెప్పాలి.

మా వైపు దసరా దాటిందంటే పత్తి ఏరుడు మొదలు. క్లాసులో ఆడపిల్లల చోట్లు ఖాళీ అవుతుంటాయి. ఒకమ్మాయి పదిరోజులు రాలేదు. వచ్చిన రోజు వేళ్లనిండా గీతలు. పత్తికాయ ఎండితే డొప్ప కొసలు సూదుల్లా ఉంటాయి కదా! "అమ్మతోని ఏర పోయిన టీచర్" అంది. తిట్టి లాభం లేదని తెలుసు. "మీ అమ్మ రోజుకు ఎంత ఏరుతుంది?" అన్నాను. "నలభై కిలోలు." "అంటే ఎన్ని కాయలు?" అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది.

మర్నాడు సంచిలో ఇరవై కాయల పత్తి తెచ్చింది. కిరాణా కొట్టులో తూయిస్తే తొంభై గ్రాములు. కిలోకు సుమారు 220 కాయలు. నలభై కిలోలకు 8,800. నల్లబల్ల ముందు నిలబడి తనే హెచ్చవేసింది. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు ఆ అంకెవైపే చూస్తూ నిల్చుంది. "మా అమ్మ దినాం గన్నిసార్లు చెయ్యి పెడతదా టీచర్?" అంది. క్లాసులో చప్పుడు లేదు. సగంమంది తల్లులు ఆ రోజు చేలల్లోనే ఉన్నారు.

అక్కడితో ఆగలేదా పిల్ల. తల్లి నడుముకు కట్టుకునే ఒడి నిండితే ఎంత తూగుతుందో కొట్టులో చూపించింది. మూడున్నర కిలోలు. తల్లికి చదువు రాదు. అందుకని ఒడి ఖాళీ చేసినప్పుడల్లా గట్టుమీది సద్దిగిన్నె మూతలో ఒక రాయి వేయమంది. సాయంత్రానికి పన్నెండు రాళ్లు. పన్నెండు మూడున్నరలు నలభై రెండు. చేను దగ్గర కొక్కెం కాంటాకు మూడు మూటలు తగిలిస్తే మొత్తం ముప్ఫై ఆరు కిలోలే వచ్చింది. కిలోకు పది రూపాయల కూలి. అరవై రూపాయలు ఎటు పోయినట్టు?

మొదటిరోజు తల్లి మాట్లాడలేదట. ఒక్కరోజు రాళ్ల లెక్క తప్పిందేమో అనుకుంది. రెండో రోజు పదకొండు రాళ్లకూ ముప్ఫై రెండున్నరే వచ్చింది. మూడోరోజు, "పటేలా, మూట తగిలియ్యక ముందుగాల కాంటా జర చూడు" అని అడిగింది. ఏమీ తగిలించని కాంటాలో ముల్లు సున్నా దగ్గర లేదు, రెండు కిలోలు కిందనే ఉంది. మూటకు రెండు కిలోల చొప్పున మూడు మూటలకు ఆరు కిలోలు! పక్కన నిలబడ్డ తొమ్మిదిమంది ఆడవాళ్లూ అది చూశారు. కావాలని చేశాడో, పాత కాంటా అలా జారిందో ఎవరూ అడగలేదు. ఆసామి మర తిప్పి ముల్లును సున్నాకు తెచ్చాడు. అంతకు ముందు పోయిన కిలోల మాట మాత్రం ఎత్తలేదు, వీళ్లూ ఎత్తలేకపోయారు. మర్నాడు మళ్లీ ఆ చేలోకే పనికి వెళ్లాలి కదా!

ఆ తర్వాత ఆ చేలో తొమ్మిది గిన్నెల మూతల్లోనూ రాళ్లు పడుతున్నాయని ఆ పిల్లే వచ్చి చెప్పింది. మూటలు తగిలించే ముందు ఖాళీ కాంటా వైపు అందరూ ఓసారి చూస్తున్నారట. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. పత్తి రోజుల్లో ఇప్పటికీ కొన్నాళ్లు రాదు, కానీ క్రితంసారి కన్నా తక్కువ రోజులే మానింది. మొన్న బియ్యం సీసా బల్లమీద పెట్టగానే ఆరో తరగతి పిల్లలకు చీటీలు పంచింది తనే.